స్వస్థత సభకు లక్షలున్నాయి, థెరపిస్టు దగ్గరికి ఆటో చార్జీ లేదు

"అయ్యగారూ, వీడు నడవాలని ఇంక ప్రార్థన చెయ్యొద్దండీ. వాడి చేత్తో వాడు ముద్ద తింటే చాలు. నేను డ్యూటీకి పోయిన పూట వాడు పస్తుండకపోతే చాలు."

ఉత్తర చెన్నైలోని మా సంఘంలో ఒక తల్లి నాతో అన్న మాటలివి. కార్పొరేషన్ చెత్త బండి మీద కాంట్రాక్టు పని ఆమెది. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వీధులు ఊడ్వడానికి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చర్చిలో మళ్లీ తెలుగు. కొడుక్కి అప్పటికి ఏడేళ్లు. పుట్టగానే ఏడవలేదట. సెరిబ్రల్ పాల్సీ అని రెండేళ్లకు గాని తేలలేదు. చేతులూ కాళ్లూ బిగదీసుకుపోయి ఉంటాయి. బుర్ర మాత్రం మహా చురుకు. పాట మధ్యలో ఎవరైనా తప్పు చరణం అందుకుంటే ముందు నవ్వేది వాడే. వాడి పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే చాలా మైకుల్లో ఆ పేరు మోగించాం.

ఏడేళ్లలో ఆమెను "నీకేం కావాలమ్మా" అని అడిగిన మనిషి లేడు. నేనూ అడగలేదు. యెరికో దారిలో బర్తిమయి కేకలు పెడుతుంటే వాడికి కావలసింది చూపేనని ప్రభువుకు తెలియదా? అయినా ఏం కావాలో ముందు వాడి నోటి నుంచే విన్నాడు. సెమినరీలో ఆ భాగం మీద ఇరవై పేజీల వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. ఆ ప్రశ్న మా వీధిలో ఒక తల్లిని అడగకుండానే పదిహేనేళ్లు సేవ చేశాను. చివరికి ఆమే తెగించి చెప్పింది.

అడగడానికి బదులు ఏం చేశామో చెబుతాను. వాడికి మూడేళ్లప్పుడు ఒక మైదానంలో మూడు రాత్రుల స్వస్థత మహాసభలు జరిగాయి. మా సంఘం నుంచి రెండు వ్యాన్లు కట్టుకుని వెళ్లాం. మూడో రాత్రి వాణ్ని వేదిక మీదికి ఎత్తుకెళ్లింది నేనే. నుదుటికి నూనె రాశారు. తల మీద చేతులు వేశారు. మైకు వాడి ముఖం దగ్గర పెట్టి ఒక్క కేక. వాడి ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకుపోయింది. జనం హల్లెలూయా అన్నారు. లోపలున్నది కదులుతోందన్నాడు ప్రసంగీకుడు. లోపల ఉన్నది భయం. అకస్మాత్తుగా పెద్ద చప్పుడు వింటే ఇలాంటి పిల్లల కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, అది ఆ జబ్బు తీరు. ఈ సంగతి నాలుగేళ్ల తర్వాత ఒక థెరపిస్టు చెబితే తెలిసింది నాకు. అంటే వేలమంది ముందు ఒక పసివాణ్ని హడలగొట్టి, ఆ హడలును సాక్ష్యంగా వీడియో తీసుకున్నామన్నమాట.

కానుకల సంచులు నిండాయి. ఆ తల్లీ వేసింది. వాడు నడవలేదు. నెల పోయాక ఆమె అడిగితే, ఇంట్లో ఎవరికో అవిశ్వాసం ఉందమ్మా, ఉపవాసముండు అన్నారు. ఉంది. తండ్రి తాగుబోతు గనక ఆ శాపం బిడ్డకు తగిలిందన్నారు ఇంకొకరు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాడిదీ కాదు, వాడి అమ్మానాన్నలదీ కాదని ప్రభువు తేల్చేశాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం మనలో చాలామందికి కంఠతా వచ్చు. కర్మ సిద్ధాంతాన్ని వదిలి వచ్చామని ఊరంతా చెప్పుకుంటాం గాని, వదల్లేదు. దానికీ బాప్తిస్మం ఇచ్చి లోపలికి తెచ్చుకున్నాం.

అలా ఒక సభ నుంచి ఇంకో సభకు తిప్పుతూ నాలుగేళ్లు గడిపాం. బిడ్డ మెదడూ చేతులూ త్వరగా నేర్చుకునే వయసు అదే. ఆ నాలుగేళ్లు వాడికి మేం తిరిగి ఇవ్వలేం.

ఆక్యుపేషనల్ థెరపిస్టు అనే మనిషి ఒకరుంటారని నాకు తెలిసింది నలభై దాటాక. అదీ వీడి కోసం వెతకబోయి తెలిసింది కాదు. మా సంఘ పెద్ద ఒకాయనకు పక్షవాతం వస్తే వేలూరు సీఎంసీకి తీసుకెళ్లాం. అక్కడ పునరావాస విభాగంలో చిత్తూరు జిల్లా రైతు ఒకాయన, కుడి చెయ్యి పడిపోయినాయన, చొక్కా తొడుక్కోవడం నేర్చుకుంటున్నాడు. పక్కన ఒక అమ్మాయి స్టూలు మీద కూర్చుని, పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, బాగున్న చెయ్యి తర్వాత, విప్పేటప్పుడు దానికి తిరుగు అని చెబుతోంది. గుండీలన్నీ పెట్టుకోవడానికి అరగంట పైనే పట్టింది. ఆ అమ్మాయి ఒక్క గుండీకి కూడా చెయ్యి సాయం చెయ్యలేదు. చివరి గుండీ పడ్డాక ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాదాలు కడగడం గురించి ప్రతి ఏడూ శ్రమల వారంలో ప్రసంగిస్తాను. చూసింది ఆ రోజే.

తిరిగొచ్చి ఈ సంగతి సంఘంలో చెబితే, "ఉద్యోగం ఇప్పించే డాక్టరా అయ్యగారూ" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన తప్పు లేదు. పుస్తకాల్లో 'వృత్తి చికిత్స' అని అనువదిస్తారు, ఇంకా గందరగోళం. ఓటీ అని పొట్టిగా చెబుదామంటే, ఆసుపత్రిలో ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్, మా వాళ్లకు ఓటీ అంటే ఓవర్‌టైమ్. అందుకే ఇలా చెబుతుంటాను. ఫిజియోథెరపిస్టు కండరాన్నీ కీలునీ కదలికనూ చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏమేం చేసుకోవాలో, ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తారు. పళ్లు తోముకోవడం, స్నానం, తినడం, బడిలో పలక పట్టుకోవడం, ఆడుకోవడం, పెద్దవాళ్లయితే వంట, దుకాణం. శరీరాన్ని ఎంత మార్చగలిగితే అంత మారుస్తారు. మారనిచోట చెంచానో కుర్చీనో గడపనో మారుస్తారు.

ఇక్కడ మన గురించి ఒక మాట. ఎక్కువమంది పూర్వీకులు పొట్ట చేతపట్టుకుని వచ్చిన దళితులైన మనకు 'వృత్తి' అనే మాట చేదు. పుట్టకముందే మన చేతులకు పని నిర్ణయమైపోయింది. చీపురు, పెంటబుట్ట, చచ్చిన గొడ్డు. ఈ చెయ్యి ఏం చేయాలనుకుంటోందని మనల్ని అడిగిన నాగరికత లేదు. ఈ చికిత్స మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. అందుకే ఇది డబ్బున్నవాళ్ల పిల్లలకు అదనపు ట్యూషన్ లాంటిదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మన కాలనీలకు రావలసిన చికిత్స ఏదైనా ఉంటే ముందు ఇదే.

మన దేశంలో ఈ చదువు 1950లో బొంబాయి పరేల్‌లోని కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. అమెరికాలో పుట్టి ఈ దేశపు కోడలైన కమలా నింబ్కర్ మొదలుపెట్టిన బడి అది. పరేల్ అంటే బొంబాయి చదువరులకు వేరే చెప్పాలా? మన తెలంగాణ తాతలు మిల్లుల్లో నూలు వడికి, బట్ట నేసిన పేట. ఇటు వేలూరులో పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసి, అంతటితో ఊరుకోలేదు. బాగైన చేతికి పని లేకపోతే రోగి మళ్లీ బిచ్చానికే పోతాడని గ్రహించి, వాళ్లకు పనిముట్లు పట్టడం నేర్పే చోటు కట్టించాడు. డాక్టరు కాకముందు వడ్రంగం నేర్చినవాడాయన. మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోయినా, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో వేలూరులో తెరిచిన పునరావాస సంస్థకు ప్రాణం ఆమెదే. వీళ్లు మన వాళ్లు. చర్చి గోడల మీద ఫొటోలు పెట్టుకుని గర్వపడతాం. ఆ పని మన వీధికి ఎందుకు రాలేదని మాత్రం అడగం.

ఇక నా వెతుకులాట. ఆ తల్లి ముద్ద మాట అన్నాక నాకు వేలూరు అమ్మాయి గుర్తొచ్చింది. చెన్నై మహానగరం గదా, వీధికొకరు దొరుకుతారనుకున్నాను. ఉన్నారు. అడయారులో ఉన్నారు, కొట్టూర్‌పురంలో ఉన్నారు, వేలచ్చేరిలో, అన్నానగర్‌లో ఉన్నారు. బహుళ వైకల్యాల కోసం కేంద్ర ప్రభుత్వం 2005లో పెట్టిన జాతీయ సంస్థ ముట్టుకాడులో, సముద్రపొడ్డున ఈసీఆర్ రోడ్డు మీద ఉంది. మంచి సంస్థే. రాష్ట్ర ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ కేకే నగర్‌లో ఉంది. మా పేట నుంచి ముట్టుకాడు వెళ్లాలంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు, రెండు మూడు బస్సులు. ఏడేళ్ల పిల్లవాణ్ని, కాళ్లు కత్తెరలా బిగిసిన వాణ్ని, చంకనేసుకుని కిక్కిరిసిన బస్సు ఎక్కమనండి ఎవరినైనా. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కి మధ్యాహ్నం రెండింటికి దిగే మనిషి. ఒక రోజు మానితే ఆ రోజు కూలీ పోతుంది, నాలుగు రోజులు మానితే పనే పోతుంది.

ఒక ప్రైవేటు సెంటరులో సెషనుకు 600 అన్నారు, వారానికి మూడు. నెలకు 7,200. ఆమె జీతంలో సగానికి దగ్గర. ఇంకో చోట నాలుగు నెలలు ఆగాలన్నారు. మరో చోట కౌంటరు దగ్గర అమ్మాయి చిరునామా రాసుకుంటూ పేట పేరు వినగానే కలం ఆపి, "అంత దూరం నుంచి ఎందుకు, అక్కడే ఎవరైనా ఉంటారు చూసుకోండి" అంది. ఆ 'అక్కడే'లో దూరం ఒక్కటే లేదని ఆ తల్లికీ అర్థమైంది, నాకూ అర్థమైంది. 'అక్కడే' చూస్తే ఒక మేడ మీద థెరపీ సెంటరు అని బోర్డు కనిపించింది. ఏం చదివారయ్యా అని అడిగితే ఆరు నెలల సర్టిఫికెట్టు చూపించాడు. ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీకి ఇంటర్న్‌షిప్పుతో కలిపి నాలుగేళ్లకు పైనే చదవాలి. చదువరులారా, ఎక్కడికెళ్లినా డిగ్రీ ఏదో, అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘంలో సభ్యత్వం ఉందో లేదో అడగండి. ఈ వృత్తులను క్రమబద్ధం చేయడానికి 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర మీ బిడ్డను వదలొద్దు.

చివరికి తీగ దొరికింది మా సంఘంలోనే. నర్సుగా చేసే ఒక చెల్లెలికి, తమ ఆసుపత్రిలో పనిచేసిన ఒక అమ్మాయి పెరంబూరులో ఉంటుందని తెలుసు. ఈ ముక్క ఆ చెల్లెలికి ఎప్పటి నుంచో తెలుసు. మేం అడగలేదు. ఆమె ప్రతి ఆదివారం నా ప్రసంగం వింటూ మూడో వరసలో కూర్చునేది.

ఆ థెరపిస్టు తమిళ అమ్మాయి, చదువై మూడేళ్లు. శనివారం సాయంత్రాలు ఇంటికే వస్తానంది, 300 చాలంది. నెలకు 1,200, పైన ఆటో. పెద్దల కూటంలో పెట్టాను. "ఒక్కరికిస్తే అందరూ అడుగుతారు అయ్యగారూ" అన్నారు. అదే కూటంలో, అదే పూట, వచ్చే స్వస్థత సభలకు మా వంతుగా 40,000 ఎవరూ నోరెత్తకుండా ఆమోదించారు. నేనూ నోరెత్తలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి నా భార్య ముందు తలెత్తలేకపోయాను. మొదటి నాలుగు నెలల డబ్బు ఆమె చీటీ పాటలోంచి వెళ్లింది.

మొదటి శనివారం ఆ అమ్మాయి బిడ్డను ముట్టుకోకముందు తల్లిని అడిగింది, "ఉంగళుక్కు ఎన్న వేణుమ్మా?" అని. ముద్ద అని చెప్పింది తల్లి. తెలుగులో 'ముద్ద' అంటారని ఆ అమ్మాయి చీటీ మీద రాసుకుంది. తర్వాత వాడు ఎలా కూర్చుంటున్నాడో చూసింది. నేల మీద గోడకు ఆనించి కూర్చోబెట్టి తినిపిస్తున్నాం ఇన్నేళ్లూ. పాదాలకు ఆనిక లేకపోతే ఒళ్లు నిలబెట్టుకోవడానికే వాడి శక్తంతా పోతుంది, ఇంక చెయ్యెక్కడ లేస్తుంది అంది. మా సంఘంలో వడ్రంగి ఉన్నాడు. ఆమె కొలతలిచ్చింది. పాదాలు పలక మీద ఆనేలా, మోకాళ్లు నిలువుగా వంగేలా, ముందు బల్ల మోచేతుల ఎత్తులో ఉండేలా కుర్చీ చేశాడు. కూలీ తీసుకోలేదు. చెక్క మాత్రం కొన్నాం. చెంచా పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం, పట్టు దొరకడానికి. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ.

నాకు బాగా నచ్చింది ఆమె నేర్పే వరస. మనం ఏదైనా మొదటి నుంచి నేర్పుతాం. ఆమె చివరి నుంచి మొదలుపెట్టింది. ముద్ద కలపడం, ఎత్తడం, తీసుకురావడం అంతా తల్లి చెయ్యి వాడి చేతి మీద ఉంచి చేయాలి. పెదవుల దగ్గరికి వచ్చాక వదిలెయ్యాలి. ఆ చివరి బెత్తెడు దూరం వాడిదే. ప్రతి పూటా గెలుపుతో ముగుస్తుంది. అది వచ్చాక ఇంకో బెత్తెడు. పెరుగన్నం జారిపోతుంది, పప్పన్నం గట్టిగా కలపమంది. అయిదు నెలలకు చెంచాతో పది పన్నెండు సార్లు వాడే నోటికి చేర్చుకున్నాడు. ముద్ద ఇంకా సగం కింద పడుతుంది. ఆ సగం చూసి ఒక పెద్దాయన, "ఇదేనా స్వస్థత" అన్నారు. అవునండీ, ఇదే. మొన్న తల్లి ఓవర్‌టైమ్ చేసి నాలుగింటికి ఇల్లు చేరేసరికి, అవ్వ కలిపి ముందు పెట్టిన పళ్లెం ఖాళీ. గడ్డం మీద, చొక్కా మీద పప్పు. పస్తు లేడు.

ఇప్పుడు నా వాదం చెబుతాను. స్వస్థత సభ ఒక్క రాత్రిలో తేల్చేస్తానంటుంది. పెద్దాసుపత్రికి ఒకసారి పోయొస్తే సరిపోతుందని మనం అనుకుంటాం. రెండూ ఒకే జాతి ఆశ. ఆక్యుపేషనల్ థెరపీ అలా పనిచేయదు. వారం వారం, నెలల తరబడి, ఇంటి దగ్గర, ఇంట్లో ఉన్న చెంచాతో, ఇంట్లో వండిన కూడుతో జరగాలి. దూరంగా ఉన్న గొప్ప థెరపిస్టు కంటే దగ్గరున్న మామూలు థెరపిస్టు మేలు. మరి మన కాలనీల్లో వారం తప్పకుండా, నడిచి వెళ్లగలిగిన దూరంలో, అందరి కష్టాలూ తెలిసి నడుస్తున్న సంస్థ ఏది? సంఘం. ఈ పనికి సంఘాన్ని మించిన చోటు లేదు. అయినా ఇది మన పని కాదని ఎలా అనుకున్నామో నాకు అర్థం కాదు.

బేతెస్ద కోనేటి గట్టున ముప్పై ఎనిమిదేళ్లు పడి ఉన్న మనిషి కథ మీద ప్రతి స్వస్థత సభలోనూ ప్రసంగం ఉంటుంది. ఆఖరున లేచి నడిచిన సంగతే చెబుతారు. అతడు ప్రభువుతో మొదట చెప్పుకున్నది జబ్బు గురించి కాదు, తనను నీళ్లలో దించే మనిషి లేడని. నీళ్లు అక్కడే ఉన్నాయి. దించే మనిషే లేడు. మన ముట్టుకాడు, మన కేకే నగర్ ఆ కోనేరే.

ఇతర రాష్ట్రాల్లోని మన వాళ్ల సంగతి ఇంతకంటే అన్యాయం. ఒడిశాలో ఆక్యుపేషనల్ థెరపీకి పేరున్న జాతీయ సంస్థ కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో ఉంది. బరంపురం నుంచి అంత దూరం వారం వారం ఎవరు పోగలరు, రాయగడ నుంచి ఇంకెవరు పోగలరు? సోలాపూర్‌లో మగ్గాల మీద బతికే కుటుంబానికి ముంబై హాజీ అలీ దగ్గరి సంస్థ ఉండీ లేనట్టే. బళ్లారి వాళ్లకు మణిపాల్ అంతే. యానాం వాళ్ల ప్రభుత్వం వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో ఉంటుంది, ఆసుపత్రి అవసరం వస్తే పక్కనున్న కాకినాడకే పరుగు. మనం ఎక్కడున్నా అంచునే ఉన్నాం, రాష్ట్రానికీ అంచున, భాషకూ అంచున.

ఇది ప్రభుత్వం పని గదా అంటారు. నిజమే, అడుగుదాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షను ఉచిత వైద్యం దగ్గర్లోనే అందాలంటుంది, ఆదాయ పరిమితికి లోబడి. 'దగ్గర్లో' అన్నది చట్టంలోని మాటే. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ప్రతి అంగన్వాడీకీ ఏటా రెండుసార్లు రావాలి. ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని గుర్తించి జిల్లా సత్వర జోక్య కేంద్రానికి పంపాలి. మీ అంగన్వాడీకి ఈ ఏడు వచ్చారా? వెళ్లి రిజిస్టరు చూడండి. వికలాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, దేశమంతటా చెల్లుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వారికి నేషనల్ ట్రస్టు 'నిరామయ' బీమా ఇస్తుంది, ఏడాదికి లక్ష వరకు. అందులో థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. మా సంఘంలో అలాంటి పిల్లలు అయిదుగురున్నారని లెక్క తీస్తే తేలింది. ఒక్కరికీ నిరామయ లేదు. లెక్క ఇన్నాళ్లూ ఎందుకు తీయలేదంటే, ఆ అయిదుగురిలో నలుగురిని వాళ్ల తల్లులు ఆదివారం ఇంట్లోనే వదిలి వస్తున్నారు. మనం తిరిగి చూస్తామని.

ప్రార్థన వద్దంటున్నాడీయన, విశ్వాసం చల్లారిపోయింది, సోషల్ వర్కరైపోయాడు అని నా మీద వాట్సాప్‌లో తిరుగుతోంది. ప్రతి శనివారం ఆ థెరపిస్టు రాకముందు ఆ గదిలో మోకాళ్లూనుతాను. బిగ్గరగా మాత్రం కాదు, వాడు ఉలిక్కిపడతాడు. మోషే నోరు మాంద్యమని మొరపెట్టుకుంటే దేవుడు నాలుక సరిచేయలేదు, తోడుగా అహరోనును పంపాడు. అది విశ్వాసం లేనివాళ్ల ఏర్పాటా?

భాష విషయం కూడా చెప్పాలి, చెన్నైలోనూ బెంగళూరులోనూ తరచు వింటున్నాను గనక. మాట ఆలస్యమైన పిల్లల తల్లులకు కొన్ని సెంటర్లలో "ఇంట్లో తెలుగు మానెయ్యండి, ఒకటే భాష మాట్లాడండి" అని సలహా ఇస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలు వెనకబడతారని పరిశోధనల్లో తేలలేదు. తేలనిదాన్ని పట్టుకుని తల్లి నోట్లోంచి తల్లి భాషను లాగేస్తే, ఆమె బిడ్డతో మాట్లాడటమే తగ్గిస్తుంది. వచ్చీరాని ఇంగ్లీషులో ఎవరు జోల పాడతారు? ఈ సలహా ఎవరైనా ఇస్తే మర్యాదగానే కాదనండి. ఇంట్లో చేయించాల్సిన పనుల కాగితం తెలుగులో కావాలని అడగండి. ఇవ్వకపోతే మన సండే స్కూలు టీచర్లు రాసి పెట్టగలరు. మా దగ్గర ఇద్దరు రాస్తున్నారు, బొమ్మలతో సహా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక మాట. ఇంటర్ అయ్యాక బీటెక్, లేదా నర్సింగ్, మన ఇళ్లలో ఈ రెండే దారులు. ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ వేలూరులో ఉంది, కేకే నగర్‌లో ఉంది, ఓలట్‌పూర్‌లో ఉంది, ముంబైలో ఉంది, మణిపాల్‌లో ఉంది. మన కాలనీల నుంచి ఒక్కో రాష్ట్రంలో ఇద్దరు చదివి, తెలుగు మాట్లాడే చేతులతో తిరిగొస్తే చాలు. ఫీజు మీ సంఘాన్ని అడగండి. ఇవ్వమంటే, సభలకు ఎంతిచ్చారో లెక్క చూపమనండి.

చర్చి హాలు సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసి ఉంటుంది. ఫ్యాను, బల్లలు, నీళ్లు, మరుగుదొడ్డి అన్నీ ఉన్నాయి. లేనిది ర్యాంపు ఒక్కటే. మేం అడిగేది వారానికి ఒక పూట. ఆ పెరంబూరు అమ్మాయి ఒప్పుకుంది, అయిదుగురు పిల్లల్నీ ఒకే చోట చూస్తే మనిషికి 200 చాలంటోంది. నెలకు 4,000, ర్యాంపుకు సిమెంటు, ఇటుక. ఈ ఏటి స్వస్థత సభల వంతు మొదటి వాయిదా ఇంకా కట్టలేదు.

ఆ డబ్బు ఇటు మళ్లించాలని తీర్మానం పెట్టాను. పెద్దల కూటం వచ్చే రెండో ఆదివారం, ఆరాధన తర్వాత. తొమ్మిది మంది ఓట్లు. నా లెక్కలో నలుగురు ఇటు, నలుగురు అటు. తొమ్మిదో ఆయన కుర్చీ చేసిన వడ్రంగి మామగారు. ఆయన ఇంతవరకు ఏమీ అనలేదు. అయిదుగురు తల్లులనూ ఆ రోజు పిల్లల్ని తీసుకుని ముందు వరసలో కూర్చోమన్నాను. ఇద్దరు వస్తామన్నారు.